రెండో క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

ఈ సీజనుకు మీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో నిన్ను రెండో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే దాడిని నడిపిస్తూ బంతి విసిరేవాడికి బదులు ఆటగాడిగా పెట్టారని, నువ్వు జట్టు మానేస్తానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. తొందరపడకు. ఇక్కడ టెక్సాస్‌లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతూ, బడి జట్టు ఆటలను వీడియో తీసిపెడుతూ చాలా ఏళ్లు ఈ ఆటకు దగ్గరగా గడిపాను. మొదటి స్థానం దక్కని కుర్రాళ్లను ఎందరినో చూశాను. వాళ్లలో పైకి వచ్చినవాళ్లు ప్రతి వారమూ ఆ రోజు ఆడబోయేది తామే అన్నట్టు సిద్ధమయ్యారు. నీకు చెప్పదలచుకున్నది ఇదే.

అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లు. అంటే మొదటి క్వార్టర్‌బ్యాక్ ఉద్యోగాలు 32 మాత్రమే. అందులో ఒకటి ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరికీ తెలియదు. 2001లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్‌సో సీజను రెండో ఆటలోనే గట్టి దెబ్బ తిని ఆసుపత్రి పాలయ్యాడు. అతని బదులు దిగినవాడు టామ్ బ్రేడీ. అంతకుముందు ఏడాది డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, 199వ స్థానం దాకా అతన్ని ఎవరూ పిలవలేదు. ఆ సీజనులోనే జట్టు లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్ గెలిచింది.

కర్ట్ వార్నర్ అనే క్వార్టర్‌బ్యాక్ కథ నాకు ఇంకా ఇష్టం. కాలేజీలో ఆఖరి ఏడాది దాకా అతనికి మొదటి స్థానం రాలేదు. 1994 డ్రాఫ్టులో ఏ జట్టూ తీసుకోలేదు. గ్రీన్‌బే ప్యాకర్స్ శిక్షణ శిబిరానికి పిలిచి, సీజను మొదలవకముందే పంపేసింది. అయోవాలో ఒక సూపర్‌మార్కెట్‌లో రాత్రిపూట అరల్లో సరుకులు సర్దాడు, గంటకు ఐదున్నర డాలర్ల జీతానికి. ఆ తర్వాత ఇండోర్‌లో ఆడే అరేనా ఫుట్‌బాల్, ఆపైన యూరప్‌లో ఆమ్‌స్టర్‌డామ్ జట్టు. 1999లో సెయింట్ లూయిస్ రామ్స్ మొదటి క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు సీజనుకు ముందే దెబ్బతింది. అతని బదులు దిగినవాడు వార్నర్. అప్పటికి అతనికి 28 ఏళ్లు. ఆ సీజనులో లీగ్ ఉత్తమ ఆటగాడు అతనే. సూపర్‌బౌల్‌లో 414 గజాల పాస్‌లు విసిరి జట్టును గెలిపించాడు.

జనం దీన్ని అదృష్టమంటారు. నేను ఒప్పుకోను. అరేనా మైదానం పొడవు 50 గజాలే, పక్కనే గోడలు, ఆలోచించుకునే వ్యవధే ఉండదు. బంతిని చప్పున వదిలే అలవాటు వార్నర్‌కు అక్కడే అబ్బింది. ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆ ఏళ్లలో అతను పని నేర్చుకున్నాడు.

నువ్వూ అదే చెయ్యి. సాధనలో రెండో క్వార్టర్‌బ్యాక్‌కు తరచుగా అప్పగించేది స్కౌట్ టీం పని, అంటే వచ్చే వారం ప్రత్యర్థి ఎలా ఆడతాడో మన డిఫెన్స్‌కు, అంటే ప్రత్యర్థి దాడిని అడ్డుకునే ఆటగాళ్లకు ఆడి చూపించడం. చాలామంది దాన్ని చిన్నతనంగా భావించి మొక్కుబడిగా కానిచ్చేస్తారు. మన మొదటి డిఫెన్స్ మీద రోజూ బంతి విసిరే అవకాశం అది! మొదటివాడు సాధన చేస్తున్నప్పుడు అతని వెనక నిలబడి ప్లే పేరు, అంటే అప్పుడు ఆడబోయే ఎత్తుగడ పేరు నీలో నువ్వు చెప్పుకో. స్నాప్ పడగానే, అంటే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి అందగానే నీ పాదాలూ కదలాలి, వెనక్కి మూడు అడుగులు వేసే డ్రాప్ అయితే మూడు, ఐదైతే ఐదు. చేతిలో బంతి లేకపోయినా సరే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఉండే ప్లే గడియారం 40 సెకన్లు. అది 15కు రాగానే క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని రేడియోలో కోచ్ గొంతు ఆగిపోతుంది. అక్కడి నుంచి ప్రత్యర్థి డిఫెన్స్‌లో అందరికంటే వెనక ఉన్న సేఫ్టీలు ఒక్కరా ఇద్దరా అని చూసుకోవడం, అవసరమైతే ప్లే మార్చడం అంతా క్వార్టర్‌బ్యాక్ చేతుల్లోనే. ఆ చూపు పక్కన నిలబడి కూడా నేర్చుకోవచ్చు. నీకు కనిపించింది మొదటివాడు బయటికి వచ్చినప్పుడు అతనికి చెప్పు. అతని చెడు మాత్రం ఎన్నడూ కోరుకోకు.

తలకు దెబ్బ తగిలితే దాచకు. ఈ మాట మీద నేను రాజీపడను. తల తిరిగినా, వెలుతురు చూడలేకపోయినా ఆ క్షణమే ట్రైనర్‌కు చెప్పు. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టులో స్టీవ్ యంగ్ నాలుగేళ్లు మొదటి క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా వెనక ఓపిక పట్టాడు. 1994 సీజను చివర సూపర్‌బౌల్‌లో ఆరు టచ్‌డౌన్ పాస్‌లు, అంటే ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు విసిరాడు. అంతటివాడి ఆటనూ 1999లో తలకు తగిలిన దెబ్బ ముగించింది. కానీ అతను ఆడుతూనే, సీజన్ల మధ్య విరామాల్లో చదివి 1994లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నాడు. కాబట్టి లెక్కల హోంవర్కు సంగతి నన్ను మళ్లీ అడగనివ్వకు.

సోమవారం కోచ్‌ను ఒంటరిగా కలువు. ‘నన్నెందుకు పెట్టలేదు’ అని అడగవద్దు. ‘నేను ఏ రెండు విషయాలు సరిచేసుకోవాలి?’ అని అడుగు. ఆయన చెప్పింది కాగితం మీద రాసుకుని నాకు పంపు. శనివారం ఫోనులో ఒక్కొక్కటే చూద్దాం. మీ అమ్మకు నేను నచ్చజెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య