బీరువాలోంచి బయటికొచ్చిన చిన్న కెమెరా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పదిహేనేళ్ల కిందట కొని, ఫోన్లొచ్చాక బీరువా పై అరలో పడేసిన చిన్న డిజిటల్ కెమెరాలను ఇప్పుడు కాలేజీ పిల్లలు వెతికి బయటికి తీస్తున్నారు. ఈసారి ప్రశ్నలు చాలావరకు వాటి గురించే. జవాబులకు ముందు ఒక్క సంగతి. ఈ కెమెరాల్లో ఎక్కువ వాటి సెన్సర్, అంటే వెలుగును బొమ్మగా మార్చే చిప్పు, 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు ఉంటుంది. అంటే కందిబద్దంత. వెలుగు ఉన్నంతసేపూ దాంతో ఏ ఇబ్బందీ లేదు. వెలుగు చాలనప్పుడే కెమెరా తనకు తోచిన సర్దుబాట్లు చేస్తుంది. కింది ఫిర్యాదుల్లో సగం అక్కడే పుట్టాయి.

ప్ర: నాన్నగారి పాత కెమెరాలో కొత్త పెన్సిల్ సెల్స్ వేస్తే పది ఫొటోలకే 'బ్యాటరీలు మార్చండి' అంటోంది. 64 జీబీ కార్డు పెడితే 'కార్డ్ ఎర్రర్' వస్తోంది. ఆన్ చేసినప్పుడల్లా తేదీ అడుగుతోంది. కెమెరా పోయినట్టేనా? (కాకినాడ)

జ: పోలేదు. ముందు సెల్స్ సంగతి చూద్దాం. లెన్స్ బయటికి రావడానికి, ఫ్లాష్ చార్జ్ కావడానికి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. మామూలు ఆల్కలైన్ సెల్ గడియారానికి, రిమోట్‌కు బాగా పనిచేస్తుంది గానీ, అంత కరెంటు లాగినప్పుడు దాని వోల్టేజి కుంగిపోతుంది. కెమెరా దాన్ని చూసి సెల్ అయిపోయిందనుకుంటుంది. 2000 ఎంఏహెచ్ నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్స్ కొనండి. వాటి మీద 1.2 వోల్టులు అని ఉంటుంది, 1.5 కాదేమని కంగారు పడకండి. లోడు పడినా అవి ఆ వోల్టేజి దగ్గర నిలబడతాయి. మెనూలో 'బ్యాటరీ టైప్' ఉంటే అక్కడ కూడా మార్చండి. పాతదీ కొత్తదీ కలిపి వేయొద్దు. ఇంకో ముఖ్యమైన హెచ్చరిక: సరిగ్గా ఇదే సైజులో 3.7 వోల్టుల లిథియం సెల్స్ కూడా దొరుకుతాయి. 14500 అని రాసి ఉంటుంది. అవి వేస్తే కెమెరా కాలిపోతుంది.

సెల్స్ పెట్టే చోట తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంటే అది కారిన క్షారం. ఇయర్‌బడ్‌ను వెనిగర్‌లోగానీ నిమ్మరసంలోగానీ ముంచి, బాగా పిండి తుడవండి. తర్వాత పొడిబడ్‌తో మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరాకే సెల్స్ వేయండి.

ఇక కార్డు. తొలినాటి ఎస్‌డీ కార్డులు 2 జీబీ దాకానే. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ 32 జీబీ దాకా, 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ ఆ పైన. మీ కెమెరా మీద కార్డు పెట్టే మూత దగ్గర ఈ మూడింటిలో ఏ ముద్ర ఉందో చూడండి. ఎస్‌డీహెచ్‌సీ అని ఉంటే 8 లేదా 16 జీబీ కార్డు తెచ్చుకోండి, ఉట్టి ఎస్‌డీ అని ఉంటే 2 జీబీయే గతి. కార్డును కంప్యూటర్లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి.

తేదీ నిలవకపోవడానికి కారణం లోపలి చిన్న బ్యాకప్ సెల్ ఎండిపోవడం. చాలా మోడళ్లలో అది పెద్ద బ్యాటరీ నుంచే చార్జ్ అవుతుంది. నిండుగా చార్జ్ చేసిన సెల్స్ వేసి ఒకరోజు కదపకుండా ఉంచండి. కొన్నింటిలో మాత్రం సెల్స్ గదిలోనే గుండీలాంటి సెల్ ఉంటుంది, దాన్ని మార్చాలి.

ప్ర: మా చెల్లి పెళ్లిలో తీసినవన్నీ షేక్ అయ్యాయి. కొన్ని పచ్చగా, కొన్ని మసగ్గా వచ్చాయి. మధుపర్కాలు బూడిద రంగులో పడ్డాయి. వచ్చే నెల ఇంకో పెళ్లి ఉంది. ఏ సెట్టింగులు పెట్టాలి? (జనగామ)

జ: అన్నిటికంటే ముందు, జూమ్ వాడకండి. మీ లెన్స్ చుట్టూ 2.8-5.9 లాంటి అంకెలు ఉంటాయి. జూమ్ వేయనప్పుడు ఎపర్చర్, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రం కొలత, 2.8 (అంకె పెరిగితే రంధ్రం చిన్నదైనట్టు). జూమ్ మొత్తం లాగితే 5.9. అంటే లోపలికొచ్చే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. వీడియో లైట్లు వెలుగుతున్న మండపంలో 400 ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) దగ్గర సెకనులో 60వ వంతు షట్టర్ (వెలుగు పట్టే సమయం) దొరికే చోట, జూమ్ లాగగానే అది 15వ వంతు అవుతుంది. పైగా జూమ్‌లో చేతి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. స్టెబిలైజర్ మీ చేతి వణుకునైతే ఆపగలదు గానీ, పెళ్లికూతురు తల తిప్పితే అది ఆపలేదు. కాబట్టి మీరే నాలుగడుగులు ముందుకెళ్లండి. డిజిటల్ జూమ్‌ను మెనూలో పూర్తిగా ఆపేయండి. అది ఉన్న బొమ్మను కత్తిరించి సాగదీయడమే.

మోడ్ డయల్‌ను ఆటో నుంచి 'పీ' (ప్రోగ్రామ్)కి తిప్పండి. ఆటోలో ఉంటే కింద చెప్పేవాటిలో చాలావరకు మెనూలో మసకబారి, మార్చడానికి వీల్లేకుండా ఉంటాయి. ఐఎస్‌ఓ 400 పెట్టండి, మరీ చీకటైతే 800. ఆ పైన గ్రెయిన్స్ (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) పెరిగి, వాటిని చెరిపే ప్రయత్నంలో కెమెరా ముఖాలను మైనపు బొమ్మల్లా నునుపు చేస్తుంది.

మధుపర్కాల రంగు గురించి. కెమెరా లైట్ మీటర్‌కు తెలుపేదో నలుపేదో తెలియదు. ఫ్రేము మొత్తం సగటున మధ్యరకం బూడిదగా ఉండాలన్నదే దాని లెక్క. వధూవరులిద్దరూ తెల్లబట్టల్లో ఫ్రేము నిండా కూర్చుంటే, ఇంత వెలుగెందుకని తగ్గించేస్తుంది. ప్లస్, మైనస్ గుర్తున్న బటన్ నొక్కి ప్లస్ 0.7 పెట్టండి, చాలకపోతే ప్లస్ 1. తర్వాత రిసెప్షన్‌లో వెనక నల్లటి పరదా ఉంటే వ్యవహారం తిరగబడుతుంది. ముఖాలు తెల్లగా పాలిపోతాయి, అప్పుడు మైనస్ 0.7. ఆ సర్దుబాటు మళ్లీ సున్నాకు తేవడం చాలామంది మర్చిపోతారు. మర్నాడు తీసినవన్నీ ఎందుకు పాడయ్యాయని కెమెరాను అనుమానిస్తారు.

పచ్చదనానికి మందు వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపును తెలుపుగానే చూపించే సర్దుబాటు. ఆటో వదిలేసి 'కస్టమ్' ఎంచుకోండి. మండపంలో వాళ్ల మీద పడే లైటే పడేలా ఒక తెల్ల కాగితం పట్టించి, ఫ్రేము నిండా అదే కనిపించేలా దగ్గరికెళ్లి బటన్ నొక్కండి. పంచెనో ఉత్తరీయాన్నో చూపించొద్దు. వాటికి పసుపు అంటి ఉంటే కెమెరా ఆ పసుపునే తెలుపనుకుని మిగతాదంతా నీలంగా మారుస్తుంది.

జీలకర్ర బెల్లం క్షణం తప్పిపోకుండా ఉండాలంటే షట్టర్ బటన్‌కున్న రెండంచెలు తెలియాలి. సగం నొక్కితే ఫోకస్, వెలుగు రెండూ స్థిరపడి పచ్చ చదరం వెలుగుతుంది. పూర్తిగా నొక్కితే ఫొటో. ఒక్కసారే గట్టిగా నొక్కేస్తే ముందు ఫోకస్ వెతుక్కుంటుంది, ఆ అర సెకనులో చేతులు తలల మీది నుంచి దిగిపోతాయి. అడ్డుతెర పక్కన నిలబడి, ఇద్దరిలో ఒకరి మీద సగం నొక్కి పట్టుకుని ఆగండి. తెర కదలగానే మిగతా సగం నొక్కండి.

ఫ్లాష్ 3 మీటర్ల లోపు పనికొస్తుంది, అంతకు దూరం నుంచి అది ముందు వరసలో కూర్చున్నవాళ్ల వీపులను తెల్లగా చేయడానికే. తలంబ్రాలప్పుడు మాత్రం దగ్గరగా ఉంటే తప్పకుండా వేయండి. గాల్లో ఉన్న బియ్యాన్ని ఆ మెరుపే ఆపి చూపిస్తుంది. కానీ ఒకసారి వెలిగాక మళ్లీ చార్జ్ కావడానికి 5 నుంచి 8 సెకన్లు పట్టవచ్చు, సెల్స్ నీరసించి ఉంటే ఇంకా ఎక్కువ. దోసిలి పైకి లేచేదాకా ఓపిక పట్టి అప్పుడే నొక్కాలి.

ప్ర: జాతరలో రాత్రి తీసిన ఫొటోల్లో తెల్లటి గుండ్రాలు గాల్లో తేలుతున్నట్టు పడ్డాయి. ఇంట్లో పెద్దవాళ్లు భయపడుతున్నారు. లెన్స్ పాడైందా? (మేడారం దారిలోని ఒక ఊరి నుంచి)

జ: భయపడాల్సింది ఏమీ లేదు, లెన్స్ కూడా బాగానే ఉంది. అది జనం కాళ్ల కింద లేచిన దుమ్ము. చిన్న కెమెరాలో ఫ్లాష్, లెన్స్‌కు మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. లెన్స్ ముందు తేలే ధూళికణం మీద ఆ వెలుగు పడి నేరుగా వెనక్కి తిరుగుతుంది. అంత దగ్గరి కణం ఫోకస్‌లో ఉండదు కాబట్టి చుక్కలా కాకుండా ఎపర్చర్ ఆకారంలో, గుండ్రంగా, పెద్దగా పడుతుంది. సాంబ్రాణి పొగలో, సన్నటి తుంపరలో కూడా ఇంతే. ఇంట్లోవాళ్ల నమ్మకం కోసం అదే చోట ఒకటి ఫ్లాష్‌తో, ఒకటి ఫ్లాష్ లేకుండా తీసి చూపించండి. ఫ్లాష్ లేకున్నా ప్రతి ఫొటోలో ఒకే చోట మచ్చ వస్తుంటే అప్పుడది లెన్స్ మీదో సెన్సర్ మీదో ఉన్న దుమ్ము.

ప్ర: కెమెరా తెరమీద తలలు బాగానే ఉన్నాయి, ప్రింటు వేయిస్తే నెత్తి తెగిపోతోంది. ల్యాబ్‌వాళ్ల తప్పేనా? (తెనాలి)

జ: లెక్క తేడా. మీ కెమెరా ఫొటో నాలుగుకు మూడు కొలతలో ఉంటుంది, 4×6 కాగితం మూడుకు రెండు. 16 మెగాపిక్సెల్ ఫొటో 4608×3456 చుక్కలు. కాగితానికి సరిపెట్టాలంటే ఎత్తులో 384 చుక్కలు తీసేయాలి, అంటే తొమ్మిదో వంతు. అది పైనా కిందా సమానంగా పోతుంది. మెనూలో ఇమేజ్ సైజు దగ్గర 3:2 ఉంటే అది పెట్టుకోండి. లేదంటే తలల పైన జాగా వదిలి తీయండి. ఇప్పటికే తీసినవాటికి, అంచుల్లో తెలుపు వదిలి పూర్తి బొమ్మ వేయమని ల్యాబ్‌లో అడగండి.

మెగాపిక్సెళ్లు పెంచితే ప్రింటు బాగుంటుందా అని కూడా అడిగారు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 4×6 ప్రింటుకు 1800×1200 చాలు, అంటే 2 మెగాపిక్సెళ్ల పైచిలుకు. 8×12కు 8.6. కందిబద్దంత సెన్సర్ మీద అంతకు మించి కుక్కిన అంకెలు అట్టపెట్టె మీద రాసుకోవడానికే.

ప్ర: మల్లెమొగ్గకు దగ్గరగా వెళ్తే ఫోకస్ కావడం లేదు. పువ్వు గుర్తు పెట్టినా అంతే. (కర్నూలు)

జ: జూమ్ వేసి ఉంటారు. ఆ పువ్వు గుర్తే మాక్రో, అంటే దగ్గరి ఫొటోల మోడ్. అది చాలా కెమెరాల్లో జూమ్ లేనప్పుడే మొగ్గకు అయిదారు సెంటీమీటర్ల దగ్గరికి పనిచేస్తుంది. జూమ్ పూర్తిగా వెనక్కి లాగి, ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుగులో తీయండి.

ప్ర: దీపావళికి 15 సెకన్ల షట్టర్ పెట్టి తీస్తే, ఫొటో అయ్యాక కెమెరా ఇంకో 15 సెకన్లు బిగుసుకుపోయింది. (నిజామాబాద్)

జ: అప్పుడు బ్యాటరీ పీకొద్దు. ఎక్కువసేపు వెలుగు పట్టినప్పుడు సెన్సర్‌లో తప్పుడు చుక్కలు మెరుస్తాయి. అందుకని కెమెరా షట్టర్ మూసి అంతే సమయం ఇంకో నల్ల ఫొటో తీసుకుని, దాంట్లోని చుక్కలను మొదటిదాంట్లోంచి తీసేస్తుంది. నిజానికి కాకరపువ్వొత్తితో గాల్లో పేరు రాసేదానికి 4 సెకన్లు చాలు. ఐఎస్‌ఓ 100, ఫ్లాష్ ఆఫ్, కెమెరా స్టూలు మీద, రెండు సెకన్ల టైమర్. మాన్యువల్ లేని కెమెరా అయితే బాణసంచా సీన్ మోడ్ పెట్టండి. అది ఫోకస్‌ను అనంత దూరానికి పెట్టేస్తుంది. ఇంత చిన్న సెన్సర్‌కు రెండు మీటర్ల అవతల అంతా స్పష్టంగానే ఉంటుంది కాబట్టి చింతలేదు.

ప్ర: అమెరికా నుంచి మా అన్నయ్య తెచ్చిన కెమెరాలో ట్యూబులైటు కింద వీడియో తీస్తే చారలు కదులుతున్నాయి. (హైదరాబాద్)

జ: అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. మన ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. షట్టర్ 60వ వంతులో ఉంటే ఆ కొట్టుకోవడంతో లెక్క కుదరదు. మెనూలో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వీడియో పద్ధతి), పాల్ (మన పద్ధతి) ఎంపిక ఉంటే పాల్‌కు మార్చండి. కొన్ని మోడళ్లు అలా మార్చినప్పుడు కార్డు ఫార్మాట్ చేయమంటాయి, పాతవి ముందే కాపీ చేసుకోండి. ఆ ఎంపిక లేకపోతే వీడియోలో షట్టర్‌ను 50వ వంతు లేదా 100వ వంతుకు పెట్టాలి. చవక ఎల్‌ఈడీ బల్బుల కింద మాత్రం ఇవి రెండూ పనిచేయకపోవచ్చు.

ప్ర: సూర్యలంక బీచ్ నుంచి వచ్చాక లెన్స్ సగంలో ఆగి 'లెన్స్ ఎర్రర్' చూపిస్తోంది. చేత్తో లాగవచ్చా? (బాపట్ల)

జ: లాగొద్దు, లోపల పళ్ల చక్రాలు ప్లాస్టిక్‌వి. గొట్టాల మధ్య ఇసుక రేణువు ఇరుక్కుంది. బ్యాటరీ తీయండి. లెన్స్‌ను నేలవైపు పట్టి, గొట్టం చుట్టూ ఉన్న సందులో రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. నోటితో ఊదితే తేమ చేరుతుంది. నూనె చుక్క అసలు వేయొద్దు, ఇసుక దానికి అతుక్కుని ముద్దవుతుంది. తర్వాత నిండు చార్జ్ ఉన్న బ్యాటరీ వేసి, లెన్స్ కిందికే ఉంచి ఆన్ చేయండి. కరకరమని చప్పుడొస్తే వెంటనే ఆపి సర్వీసుకివ్వండి. కెమెరా ఒంటి మీది ఉప్పును కాస్త తడిపి పిండిన గుడ్డతో ఈరోజే తుడవండి.

ప్ర: పొరపాటున కార్డు ఫార్మాట్ చేశాను. అమ్మ చివరి పుట్టినరోజు ఫొటోలు అందులోనే ఉన్నాయి. తిరిగొస్తాయా? (రాజమహేంద్రవరం)

జ: ఆ తర్వాత ఒక్క ఫొటో కూడా తీయకుండా ఉంటే రావడానికి మంచి అవకాశం ఉంది. మామూలు ఫార్మాట్ కార్డులోని విషయసూచికనే చెరుపుతుంది, పేజీలు అలాగే ఉంటాయి. కొత్త ఫొటో తీస్తే ఆ పేజీల మీద రాసినట్టు. అందుకే ఇప్పుడే కార్డు తీసి, పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరపండి. కెమెరా కేబుల్‌తో కాకుండా కార్డు రీడర్‌తో కంప్యూటర్‌కు కలపండి. ఫార్మాట్ చేయాలా అని కంప్యూటర్ అడిగితే వద్దనండి. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది, దానికి ఈ కార్డును చూపించి, దొరికినవాటిని కంప్యూటర్లోనే వేరే ఫోల్డరులో దాచమనండి, కార్డు మీద కాదు. పాత ఫైలు పేర్లు పోయి కొత్త అంకెలతో వస్తాయి. కానీ తీసిన తేదీ ప్రతి ఫొటో లోపలే రాసి ఉంటుంది కాబట్టి, కెమెరాలో తేదీ సరిగ్గా ఉండి ఉంటే ఆ పుట్టినరోజును బట్టి వెతుక్కోవచ్చు. ఫార్మాట్ చేసేటప్పుడు 'లో లెవెల్' అన్న గడిలో టిక్ పెట్టి ఉంటే మాత్రం పేజీలు కూడా చెరిగిపోయి ఉంటాయి.