లీ పెర్రీ డాక్యుమెంటరీకి వెళ్లే ముందు ఏం వినాలి?

తమ్ముడూ, టికెట్ వెనక్కి ఇచ్చేయకు. జమైకా సంగీత నిర్మాత లీ ‘స్క్రాచ్’ పెర్రీ మీద తీసి ఊరూరా తిప్పుతున్న డాక్యుమెంటరీ మీ బర్మింగ్‌హామ్‌కి వస్తోంది, జమైకా యాస అర్థం కాదు, జమైకా సంగీతం రెగ్గేలో బాబ్ మార్లీ తప్ప ఎవరూ తెలియదు, అదే కదా నీ టెన్షన్. అయితే మార్లీతోనే మొదలుపెట్టు. మార్లీ బృందం వెయిలర్స్ 1970, 71లో పెర్రీ దగ్గర చేసిన రికార్డులు విను, తర్వాత ప్రపంచమంతా పేరొచ్చిన ఆల్బమ్‌ల కంటే నాకు అవే ఇష్టం.

తర్వాత పెర్రీ సొంత పాట, 1968 నాటి ‘పీపుల్ ఫన్నీ బాయ్’. అంతకుముందు తను పనిచేసిన నిర్మాత జో గిబ్స్ మీద కోపంతో కట్టిన పాట అది, అందులో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంది, జాగ్రత్తగా విను.

అసలు సంగతి బ్లాక్ ఆర్క్. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పెర్రీ తన ఇంటి పెరట్లో కట్టుకున్న చిన్న స్టూడియో. టేప్ మిషన్‌లో ఉన్నవి నాలుగే ట్రాకులు, అంటే శబ్దాల్ని విడివిడిగా రికార్డు చేసే వరసలు, అందుకని నిండినవాటిని కలిపి ఒక దాంట్లోకి దించి, ఖాళీ అయినవాటిలో మళ్లీ కొత్త వాయిద్యాలు నింపేవాడు, అలా దించిన ప్రతిసారీ పాత శబ్దం కాస్త మసకబారేది. పొగలోంచి వస్తున్నట్టుండే ఆ సౌండ్ అలా పుట్టిందే. 1977లో వచ్చిన ‘హార్ట్ ఆఫ్ ది కాంగోస్’ ఆల్బమ్‌లో బాగా తెలుస్తుంది.

యాస గురించి హాలువాళ్లకి ముందే మెయిల్ పెట్టి సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో అడుగు. పెర్రీ మాటలన్నీ ప్రాసలు, పద విన్యాసాలు, ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లకే అందవు, కాబట్టి ప్రతి మాటా పట్టుకోవాలని చూడకు. పాటలు మాత్రం హెడ్‌ఫోన్స్‌లోనే విను, ఫోన్ స్పీకర్‌లో బేస్ అసలు వినపడదు.