కాలేజీ సర్వర్‌లో కేవీఎం

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది చిన్న డిగ్రీ కాలేజీ. పూర్వ విద్యార్థి ఒకరు పాత సర్వర్ ఇచ్చారు. 32 జీబీ ర్యామ్, పైన ఉబుంటు 24.04 వేశాం. అందులో లైబ్రరీ పుస్తకాల లెక్క చూసే కోహా సాఫ్ట్‌వేర్, ఆఫీసులో ఫీజుల సాఫ్ట్‌వేర్‌కి విండోస్, పిల్లల ప్రాక్టికల్స్‌కి మూడు లినక్స్ మెషిన్లు, అన్నీ వేరువేరు వర్చువల్ మెషిన్లుగా (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే కంప్యూటర్లుగా) నడపాలని ఉంది. ల్యాబ్‌లో మాకు వర్చువల్‌బాక్స్ అలవాటు. సర్వర్‌కీ అదే పెట్టాలా, అలాంటి పనే చేసే లినక్స్ సొంత సౌకర్యం కేవీఎం పెట్టాలా? మా సీనియర్ ఒకాయన కేవీఎం వేసి చూపించారు గానీ, లైబ్రరీ కంప్యూటర్ నుంచి కోహా తెరుచుకోలేదు. సర్వర్‌లోంచి పింగ్ చేస్తే మాత్రం జవాబు వస్తోంది.
– ల్యాబ్ ఇన్‌ఛార్జి, తణుకు

జవాబు: కేవీఎమ్మే పెట్టండమ్మా. 2007 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.20 వెర్షన్ నుంచి అది లినక్స్‌కు గుండెలాంటి కెర్నెల్‌లోనే ఉంది. కెర్నెల్ అప్‌డేట్ అయితే దానితోపాటే కేవీఎం కూడా వస్తుంది. వర్చువల్‌బాక్స్ మాడ్యూల్ (కెర్నెల్‌కు తగిలించే భాగం) బయటిది. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా దాన్ని మళ్లీ కట్టాలి, సెక్యూర్ బూట్ (నమ్మిన కోడ్‌నే నడవనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం కూడా చేయాలి. ఎదురుగా కూర్చుని వాడుకునే ల్యాబ్ కంప్యూటర్లకు అది చక్కగా సరిపోతుంది. రాత్రిపూట తాళం వేసిన గదిలో తనంతట తాను నడవాల్సిన సర్వర్‌కు నేను పెట్టను. రెండూ ఒకే మెషిన్‌లో ఉంచొద్దు. 6.12 కెర్నెల్ నుంచి కేవీఎం మాడ్యూల్ లోడ్ అయిన వెంటనే ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ను తన చేతిలోకి తీసుకుంటుంది, ఇక వర్చువల్‌బాక్స్ మెషిన్లు మొదలుకాకపోవచ్చు.

మీకు ఇచ్చింది పాత సర్వర్ కాబట్టి ముందు బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే సెట్టింగులు) చూడండి. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ ఆన్‌లో ఉండాలి. సీపీయూ-చెకర్ ప్యాకేజీ వేస్తే కేవీఎం-ఓకే అనే కమాండ్ వస్తుంది, ప్రాసెసర్ వర్చువలైజేషన్ వాడుకోవచ్చో లేదో చెప్పేస్తుంది. ఈ మెట్టు చూడకుండా వదిలేసినా, వర్చువల్ మెషిన్లను నడిపే ప్రోగ్రామ్ క్యూఎము మెషిన్‌ను నడిపిస్తుంది, కానీ ప్రాసెసర్ పనంతా సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తుంది. విండోస్ ఇన్‌స్టాల్ కదలక కదలక కదులుతుంటే సర్వర్ పాతదైపోయిందని తప్పుగా అనుకుంటారు.

ఇన్‌స్టాల్ చిన్న పనే. క్యూఎము, లిబ్‌వర్ట్ (మెషిన్లను నిర్వహించేది), వర్టిన్‌స్ట్ (కొత్త మెషిన్లు సృష్టించేది) ప్యాకేజీలు వేసి, మీ యూజర్‌ను లిబ్‌వర్ట్, కేవీఎం గ్రూపుల్లో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి రండి. సర్వర్‌లో డెస్క్‌టాప్ వేయకండి. మెషిన్లను తెరమీద చూపించి నిర్వహించే వర్ట్-మేనేజర్‌ను మీ లినక్స్ ల్యాప్‌టాప్‌లో వేసుకుంటే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే మార్గం) మీదుగా అన్నీ అక్కడినుంచే చేసుకోవచ్చు.

ఇక లైబ్రరీ సంగతి. మీ సీనియర్ గారు చేసిందాంట్లో తప్పేమీ లేదు. లిబ్‌వర్ట్ మొదట ఇచ్చే నెట్‌వర్క్ 192.168.122తో మొదలవుతుంది, అది నాట్ (లోపలి అడ్రస్‌లను సర్వర్ అడ్రస్ చాటున దాచే ఏర్పాటు) వెనుక ఉంటుంది. లోపలి మెషిన్ బయటికి వెళ్లగలదు, బయటివాళ్లు లోపలికి రాలేరు. సర్వర్ ఆ నెట్‌వర్క్‌లో ఉంది కాబట్టి దానికి పింగ్ అందింది. మీకు కావలసింది బ్రిడ్జి, అంటే లోపలి మెషిన్లను నేరుగా కాలేజీ నెట్‌వర్క్‌లో కలిపే ఏర్పాటు. సర్వర్ ఐపీ అడ్రస్‌ను నెట్‌వర్క్ కార్డు మీదినుంచి తీసి బ్రిడ్జికి ఇవ్వాలి, కార్డు ఐపీ లేకుండా బ్రిడ్జికి ఒక పోర్టులా మిగలాలి. రెండుచోట్లా ఐపీ ఉంచితే గందరగోళమే. వైఫై కార్డుతో ఇది మామూలుగా కుదరదు, కేబుల్ వేయాల్సిందే. కోహా మెషిన్‌కు మీ రౌటర్ పంచే ఐపీల్లో లేని స్థిరమైన అడ్రస్ ఇవ్వండి.

ఈ ఒక్క పనీ ఇంటినుంచో పక్క గదినుంచో ఎస్‌ఎస్‌హెచ్‌లో చేయకండి, గట్టిగా చెబుతున్నాను. సర్వర్‌కు మానిటరూ కీబోర్డూ తగిలించి, ఉబుంటు నెట్‌వర్క్ అమరిక ఉండే నెట్‌ప్లాన్ ఫైలుకు కాపీ తీసుకుని, అక్కడే కూర్చుని చేయండి. నెట్‌ప్లాన్ ట్రై అనే కమాండ్ ఉంది, 120 సెకన్లలో మీరు ఒప్పుకోకపోతే పాత అమరిక తిరిగి తెస్తుంది. కానీ బ్రిడ్జికి ఎస్‌టీపీ (నెట్‌వర్క్‌లో చుట్టుదారులు పడకుండా చూసేది) లాంటి పారామీటర్లు రాసి ఉంటే వెనక్కి తిప్పడం దానికి చేతకాదు.

ఇంకొకటి. పిల్లలు డీహెచ్‌సీపీ ప్రాక్టికల్ చేసే మెషిన్‌ను పొరపాటున కూడా బ్రిడ్జి మీద పెట్టొద్దు. అది ప్రిన్సిపల్ గారి గది దాకా అందరికీ ఐపీలు పంచడం మొదలుపెడుతుంది. లిబ్‌వర్ట్‌లో ఐసోలేటెడ్ (బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేని) నెట్‌వర్క్ అని ఉంటుంది, ఆ ప్రాక్టికల్స్ అందులో చేయించండి.

ర్యామ్ మీ లెక్కకు బాగానే సరిపోతుంది. విండోస్‌కు 8, కోహాకు 4, పిల్లల మెషిన్లకు తలా 2 ఇస్తే 18 జీబీ. మిగిలింది సర్వర్‌కు వదిలేయండి. ప్రాసెసర్ కోర్లను ఉన్నవాటికంటే కాస్త ఎక్కువగా పంచినా నడుస్తుంది, ర్యామ్ విషయంలో ఆ పని చేయకండి. విండోస్ వేసేటప్పుడు డిస్కు రకం వర్ట్‌ఐఓ (వర్చువల్ మెషిన్ల కోసం చేసిన వేగమైన రకం) పెడితే సెటప్‌కు డిస్కే కనపడదు. కంగారు పడకుండా వర్ట్‌ఐఓ-విన్ ఐఎస్ఓను రెండో సీడీగా తగిలించి, అందులోని డ్రైవర్‌ను లోడ్ చేయండి. విండోస్‌కు లైసెన్స్ ఇక్కడా కావాలి.

కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందో కూడా ఇప్పుడే చూసుకోవాలి. యూపీఎస్‌కు యూఎస్‌బీ కేబుల్ ఉంటే సర్వర్‌కు కలిపి, యూపీఎస్‌ను గమనించే నట్ ప్యాకేజీ వేయండి. బ్యాటరీ అయిపోయేలోగా సర్వర్ పద్ధతిగా ఆగుతుంది. లోపలి మెషిన్ల సంగతి లిబ్‌వర్ట్-గెస్ట్స్ సర్వీసు చూసుకుంటుంది, దాని ఫైలులో షట్‌డౌన్ అని ఉందో లేదో సరిచూడండి. కోహా, విండోస్ మెషిన్లకు ఆటోస్టార్ట్ పెట్టండి.

స్నాప్‌షాట్ (మెషిన్ అప్పటి స్థితి నకలు) తీశాం కదా అని ఊరుకోకండి, అది అదే డిస్కులో ఉంటుంది. కోహాను డెబియన్ ప్యాకేజీతో వేస్తే రోజూ బ్యాకప్ తీసి పెడుతుంది. దాన్నీ ఫీజుల డేటానూ ప్రతి రాత్రీ వేరే కంప్యూటర్‌కు కాపీ అయ్యేలా చేసి, నెలకోసారి ఖాళీ మెషిన్‌లోకి తిరిగి ఎక్కించి చూడండి. ఫీజు కట్టిన పిల్లవాణ్ని రసీదు పోయిందని మళ్లీ కట్టమనే పరిస్థితి ఏ కాలేజీకీ రాకూడదు.

ప్రశ్న: నేను నెలకు అద్దె కట్టి చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే సర్వర్) తీసుకున్నాను. అందులో కేవీఎం వేస్తే వర్చువలైజేషన్ లేదని చెబుతోంది. బయోస్ ఎక్కడుంటుంది?
– బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: మీ వీపీఎస్ కూడా ఒక వర్చువల్ మెషినే బాబూ, మీరు మార్చగలిగే బయోస్ అక్కడ లేదు. దానిలోపల ఇంకో మెషిన్ నడవాలంటే నెస్టెడ్ వర్చువలైజేషన్‌ను వీపీఎస్ అద్దెకిచ్చినవాళ్లే ఆన్ చేయాలి. టికెట్ పెట్టి అడగండి. కాదంటే, మీ పని లినక్స్ వరకే అయితే ఎల్‌ఎక్స్‌డీ కంటైనర్లు (ఉన్న కెర్నెల్‌నే పంచుకుని నడిచే వేరువేరు లినక్స్‌లు) వాడుకోండి, వాటికి ప్రాసెసర్‌లో ఆ సౌకర్యం అక్కర్లేదు. కేవీఎమ్మే నేర్చుకోవాలంటే ఇంట్లో 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ చాలు.