లెన్స్ బిగించే ముందు ఇది చదువు

అమ్మడూ,

4×5 అంగుళాల విడి ఫిల్మ్ షీట్లు వాడే పెద్ద కెమెరా కొన్నావనీ, దానికి జపాన్ నుంచి 150 ఎంఎం లెన్స్ తెప్పించావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో మళ్ళీ ఒకరు నల్లగుడ్డ కింద తల దూరుస్తున్నారంటే ఎంత సంతోషమేసిందో! వెంటనే ఇంకో మాట అంది: "బోర్డుకి తనే బిగించుకుంటుందట, నోస్ ప్లయర్స్ కూడా తెచ్చుకుంది." ఇక నాకు టెన్షన్ మొదలైంది. ఆ ప్లయర్స్ తీసుకెళ్ళి మీ ఆయన టూల్ డబ్బాలో పడెయ్.

బోర్డు, అదే లెన్స్‌ని కెమెరా ముందు నిలిపే పలక, దాని సంగతి తేలికే. నీ లెన్స్‌కి ఉన్నది కోపాల్ జీరో సైజు షట్టర్ కాబట్టి బోర్డుకి కన్నం 34.6 మిల్లీమీటర్లు. బాలానగర్‌లో ఏ లేత్ షాపులోనైనా చేసిస్తారు. కాకపోతే "35 పెట్టేద్దాం మేడమ్, ఏం కాదు" అంటారు. ఒప్పుకోకు, వెర్నియర్ పెట్టి కొలిపించు. రేపు కోపాల్ వన్ లెన్స్ కొంటే దానికి 41.6 కావాలి, త్రీ అయితే 65. కోసిన అంచు తెల్లగా మెరుస్తుంది, మ్యాట్ బ్లాక్ రంగు వెయ్యి.

లెన్స్ వెనక భాగాన్ని చేత్తో విప్పి మెత్తటి గుడ్డ మీద పెట్టు. బిగింపు రింగు తియ్యి. షట్టర్ని ముందు నుంచి కన్నంలో దూర్చి, వెనక రింగు బిగించి, వెనక భాగం మళ్ళీ ఎక్కించు. అంతే పని. ముందు భాగం జోలికి మాత్రం వెళ్ళకు. మీ నాన్న నీకు ఈ కథ చెప్పి ఉండడు.

విశాఖలో స్టూడియో నడిపే రోజుల్లో మాకు ఫ్యాక్టరీల పని ఎక్కువ. మెషీన్లు, బాయిలర్లు, కొత్త షెడ్లు, అన్నీ షీట్ ఫిల్మ్ మీదే. ఓసారి కొత్త బోర్డు వచ్చింది. నేను ఊళ్ళో లేను. మీ నాన్నకి ఇంకా ఇరవై నిండలేదు, చేతులు ఊరుకోవు. లెన్స్ ముందు భాగం, వెనక భాగం రెండూ విప్పేశాడు. కొన్ని లెన్సులకి ముందు భాగానికీ షట్టర్‌కీ నడుమ ఇత్తడి రింగు ఒకటి ఉంటుంది, ఉల్లిపొరంత పల్చన. ముందు గాజుకీ వెనక గాజుకీ మధ్య ఎంత దూరం ఉండాలో తయారుచేసిన చోటే సరిచూసి దాన్ని పెడతారు. అది జారి బల్ల మీద పడితే ప్యాకింగ్ ముక్క అనుకున్నాడు కాబోలు, చెత్తతో పాటు ఊడ్చేశాడు.

నెలల తరబడి మాకు తెలియనే లేదు. ఎప్పుడూ లెన్స్ లోపలి రంధ్రాన్ని ఎఫ్ 22 దాకా మూసే తీసేవాళ్ళం, అంతగా మూసినప్పుడు తేడా చాలావరకు కనపడదు. ఒక షెడ్డులో వెలుతురు చాలక ఎఫ్ 8కి తెరిచాం. పెద్ద ప్రింటు వేసి చూస్తే నడుమ బాయిలర్ రివెట్లు లెక్కపెట్టుకోవచ్చు, మూలలు మాత్రం అలుక్కుపోయాయి. పార్టీ డబ్బులివ్వలేదు. ఎన్లార్జర్‌ని అనుమానించాం, ఫిల్మ్ హోల్డర్లని అనుమానించాం, ఫోకస్ చూసుకునే గరుకు అద్దం, అదే గ్రౌండ్ గ్లాస్, ఊడదీసి మళ్ళీ బిగించాం. చివరికి మద్రాసులో రిపేరు చేసే ముసలాయన ఒకరు ముందు భాగం విప్పి, షట్టర్ అంచున గుండ్రంగా పడ్డ ఇత్తడి ఒరిపిడి గీత చూపించి, "ఇక్కడి రింగు ఏది?" అని అడిగాడు. మీ నాన్న నోరు మెదపలేదు. ఆ ముసలాయనే పల్చటి రేకు కత్తిరించి, గ్రౌండ్ గ్లాస్ మీద భూతద్దంతో చూస్తూ, మళ్ళీ విప్పుతూ, ఆ దూరాన్ని దారికి తెచ్చాడు. తిరుగు రైల్లో నేను తిట్టని తిట్టు లేదు. గూడూరులో బండి ఆగితే వాడే దిగి ఇడ్లీ పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. తనకి తెచ్చుకోలేదు. సగం బలవంతంగా తినిపించాను. తర్వాత వాడంత జాగ్రత్తగా లెన్స్ పట్టుకునేవాణ్ణి నేను చూడలేదనుకో. కానీ నీవీ అలా ఊరుకోని చేతులే, అందుకే ఇంత రాస్తున్నాను.

షట్టర్ వెనక చిన్న స్క్రూ తల పొడుచుకొచ్చి ఉంటుంది, షట్టర్ గుండ్రంగా తిరిగిపోకుండా. బోర్డులో దానికి గాడి లేకపోతే షట్టర్ సమంగా కూర్చోదు. సన్నటి ఆకురాయితో కన్నం అంచున కాస్త రాసి గాడి చెయ్యి. స్క్రూ తీసేసేవాళ్ళూ ఉన్నారు, నాకు నచ్చదు. రింగు కొద్దిగా వదులైతే చాలు, షట్టర్ ఎక్కుపెట్టినప్పుడల్లా మొత్తం తిరుగుతుంది.

థ్రెడ్ ఎక్కించేటప్పుడు ముందు విప్పే వైపుకి నెమ్మదిగా తిప్పు. టక్కుమని చిన్నగా దిగినట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు బిగించే వైపు తిప్పు. బలం పెట్టాల్సొస్తే ఆగిపో, మరీ సన్నటి థ్రెడ్ అది, ఒకసారి అడ్డంగా ఎక్కితే ఇక పోయినట్టే. రింగు బిగించేటప్పుడు స్పానర్ జారితే షట్టర్ రేకుల మీద పడుతుంది. ముందే ఓ అట్టముక్క గుండ్రంగా కత్తిరించి వాటి మీద కప్పు. తర్వాత తియ్యడం మర్చిపోకు తల్లీ.

అన్నీ అయ్యాక రాత్రి లైట్లార్పి, ఫోన్ టార్చి బెల్లోస్ లోపల, అంటే కెమెరా నడుమ మడతల సంచీలో పెట్టి, షట్టర్ మూసి, బోర్డు చుట్టూ బయటి నుంచి చూడు. ఎక్కడైనా వెలుగు గీత కనపడితే ఫిల్మ్ పెట్టొద్దు.

నా పాత లెన్స్ స్పానర్ కొరియర్లో పంపుతున్నాను. రెండు కొనలూ సూదుల్లా ఉంటాయి, పిల్లాడికి అందనివ్వకు. లేత్ షాపుకి వెళ్ళే ముందు నీ బోర్డు పొడవు, వెడల్పు, మందం కొలిచి నాకు మెసేజ్ పెట్టు.

మీ పెదనాన్న