చిన్న క్యాంపర్: పందిరి ముందా, పొయ్యి ముందా?

సొంత వ్యాన్‌ను క్యాంపర్‌గా, అంటే ప్రయాణంలో వండుకుని పడుకునే బండిగా, మార్చుకుంటున్న వాళ్ల ఉత్తరాలు ఈమధ్య బాగా పెరిగాయి. ఒకరు ఆనింగ్ (బండి పక్కన చాపే పందిరి) గురించి అడిగితే ఇంకొకరు స్టవ్ గురించి అడుగుతున్నారు. నన్నడిగితే ఇవి రెండూ ఒకటే ప్రశ్న. చిన్న బండిలో వంటిల్లు లోపల పట్టదు, బయటే పెట్టాలి, బయట పెట్టాలంటే నెత్తిన నీడ కావాలి. అందుకే అన్నీ ఒకేచోట వేస్తున్నాం.

ప్రశ్న: మా పాత మారుతి ఈకో వ్యాన్‌ను వారాంతపు ప్రయాణాలకు తయారు చేసుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. చుట్టుకునే రకం ఆనింగ్ ధర చూసి కళ్లు తిరిగాయి. తార్పాలిన్, పైపులతో సొంతంగా చేసుకుంటే నిలుస్తుందా? (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

నిలుస్తుంది. మొదటి ఏడాది అదే చేసుకోమంటాను. చుట్టుకునే ఆనింగ్ మంచిదే, ఒక్కరే రెండు నిమిషాల్లో విప్పేయొచ్చు, కాదనను. కానీ అది పది, పదిహేను కిలోల బరువు, దానికి తగ్గ గట్టి క్యారియర్ పైన ఉండాలి. పైగా మీరు అసలు ఏ వైపు కూర్చుంటారో, ఎంత వెడల్పు కావాలో నాలుగుసార్లు బయటికి వెళ్లొస్తే గానీ తెలియదు. అవి తెలిశాక కొనుక్కోవచ్చు, ఎక్కడికీ పోదు.

సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు వెళ్తే తార్పాలిన్, తాళ్లు, పైపులు ఒకే చుట్టులో దొరుకుతాయి. పట్టా కొనేటప్పుడు రంగు చూసి కాదు, జీఎస్ఎమ్ (చదరపు మీటరు పట్టా ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) ఎంతో అడిగి కొనండి. 90 జీఎస్ఎమ్ పల్చటి నీలం పట్టా మన ఎండకు త్వరలోనే పొడిపొడిగా రాలడం మొదలుపెడుతుంది. 150 నుంచి 200 మధ్యది తీసుకోండి, ఒకవైపు వెండిరంగు ఉంటే ఇంకా మంచిది, ఆ వైపు పైకి వేస్తే వేడి కాస్త తిరిగి పోతుంది. నర్సరీల్లో కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్ కూడా ఒకటి తెచ్చుకోండి, 75 శాతం నీడ ఇచ్చేది. వానకు అది పనికిరాదు గానీ గాలి దాని గుండా పోతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో తార్పాలిన్ కింద ఉడికిపోయే బదులు దీని కింద హాయిగా కూర్చోవచ్చు.

మీ ఈకో పొడవు సుమారు 3.7 మీటర్లు, ఎత్తు 1.8. కాబట్టి 3 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు పట్టా సరిపోతుంది. బండివైపు అంచును క్యారియర్‌కు కట్టండి. క్యారియర్ లేకపోతే పట్టాను బండి పైనుంచి అవతలికి లాగి అటువైపు చక్రాల రిమ్ముల్లోంచి తాడు దూర్చి కట్టొచ్చు, అప్పుడు దానికి తగ్గట్టు పెద్ద పట్టా తీసుకోవాలి. ఇలా కట్టినప్పుడు స్టీరింగ్‌కు ఒక ఎర్రగుడ్డ ముడేసి పెట్టండి, లేదంటే పొద్దున్నే ఎవరో ఒకరు తాడు సంగతి మరిచిపోయి బండి కదిలిస్తారు. రూఫ్‌కు మాత్రం రంధ్రాలు వేయించకండి. ఎంత సీలెంట్ పూసినా రెండో వానాకాలానికి అక్కడ తుప్పు మొదలవుతుంది.

పట్టాను బల్లపరుపుగా బిగించొద్దు. బయటి మూలల్లో ఒకదాన్ని జానెడు కిందికి దించితే నీళ్లన్నీ ఆ మూలనుంచే జారిపోతాయి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ లెక్క చూడండి: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. మీ పట్టా ఏడున్నర చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన పడి అదంతా మధ్యలో నిలిచిందంటే 150 కిలోలు. ఏ పైపు ఆగుతుంది?

ఇక మేకులు. విదేశీ వీడియోల్లో పచ్చిక బయల్లో మేకు దిగినట్టు మన దక్కను నేలలో దిగదు, బెత్తెడు లోతులోనే రాయి తగులుతుంది. సుత్తి అరిగిపోవడమే. ఆ బాధ పడకుండా రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు తీసుకెళ్లండి, నిండా ఉంటే ఒక్కోటి 20 కిలోలు, పైపుల తాళ్లు వాటికే కట్టేయండి. అయితే తాగే నీళ్ల క్యాన్లు వేరు, ఇవి వేరు. సాయంత్రానికి తాగేసి ఖాళీ చేస్తే పందిరి లేచిపోతుంది. తాడు నైలాన్ కాకుండా పాలిస్టర్ తీసుకోండి, నైలాన్ తడిస్తే సాగి పట్టా వేలాడుతుంది. తాడుకూ క్యానుకూ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క కట్టారంటే గాలి గుంజినప్పుడు ఆ ఊపంతా ట్యూబు తీసుకుంటుంది, పట్టా రింగులు చిరగవు.

గాలి రెట్టింపయితే దాని తోపుడు నాలుగింతలవుతుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మన దగ్గర ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది కదా, ఒకవైపు ఆకాశం నల్లబడి దుమ్ము లేచిందంటే ఇంక ఆలోచించకండి, బయటి పైపులు పడుకోబెట్టి పట్టా చుట్టేయండి. రాత్రి పడుకునే ముందు కూడా దించే పడుకోండి, ఎంత బద్ధకంగా ఉన్నా సరే.

నీడ గురించి ఒక మాట. వేసవి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు, అప్పుడు ఏ పందిరైనా నీడనిస్తుంది. అసలు బాధ మూడు గంటల తర్వాత పడమటి ఎండతో. అందుకని పందిరి తూర్పువైపు వచ్చేలా బండి నిలపండి. ఈకోకు రెండువైపులా జారే తలుపులున్నాయి కాబట్టి మీకది ఇబ్బందే కాదు. తలుపు ఒకవైపే ఉన్న బండ్లవాళ్లు ఒక పాత చీరో దుప్పటో పడమటి వైపు అడ్డం కట్టుకోవాలి.

ప్రశ్న: నాకు బండిలో గ్యాస్ అంటే భయమండీ. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం బ్యాటరీ, ఇన్వర్టర్, ఒక ఇండక్షన్ స్టవ్ పెట్టుకుంటే చాలు, పైన సోలార్ ప్యానెల్ ఉంటుందిగా అని మా తమ్ముడు అంటున్నాడు. నలుగురికి అన్నం, పప్పు, ఒక కూర, రెండుసార్లు టీ. కుదురుతుందా? (ఒక పాఠకురాలు, మల్కాజిగిరి)

మీ తమ్ముడి చేత ఒకసారి లెక్క వేయించండి మేడమ్. 12.8 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1,280 వాట్ అవర్లు, అంటే యూనిటుం పావు. ఇన్వర్టర్ తినేది పోగా చేతికొచ్చేది సుమారు 1,100. లీటరు నీళ్లు మరిగించడానికే 100 దాకా పోతాయి. అన్నం, పప్పు, కూర, రెండు టీలు కలిపితే ఒక్కరోజులో బ్యాటరీ అడుగంటుతుంది. తర్వాత ఫ్యాన్‌కు, లైట్లకు, ఫోన్లకు ఏం మిగులుతుంది?

అసలు అంతవరకూ కూడా రాకపోవచ్చు. చాలా 100 ఏహెచ్ బ్యాటరీల్లో ఉండే బీఎమ్ఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, 100 ఆంపియర్లు దాటగానే కరెంటు కట్ చేసేస్తుంది. అంటే సుమారు 1,280 వాట్లు. మీ ఇండక్షన్ 1,800 వాట్లది అయితే గిన్నె పెట్టగానే అంతా ఆరిపోతుంది. 'తక్కువలో పెట్టి వండుకుంటాను' అంటారేమో, మామూలు ఇండక్షన్ స్టవ్‌లు తక్కువలో పెట్టినా చాలామటుకు పూర్తి జోరుతో వెలుగుతూ ఆరుతూ ఉంటాయి, కాబట్టి ఇన్వర్టర్ మీద పడే దెబ్బ అదే. 12 వోల్టుల దగ్గర 1,800 వాట్లంటే 150 ఆంపియర్లకు పైమాటే, దానికి బొటనవేలంత లావు తీగలు కావాలి. సన్న తీగ వేశారంటే మీరు గ్యాస్ గురించి పడే భయం వైరింగ్ దగ్గర పడాల్సొస్తుంది.

సోలార్ సంగతి ఇంకా తమాషా. 200 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 700, 800 వాట్ అవర్లు ఇస్తుంది. కానీ మీరు బండిని చెట్టు నీడలో ఆపుతారు, పైన పట్టా కప్పుతారు. మనకు నీడ కావాలి, ప్యానెల్‌కు ఎండ కావాలి, ఇద్దరికీ ఒకేచోట కుదరదు. బండి నడుస్తున్నప్పుడు ఇంజిన్ నుంచి ఛార్జ్ చేసే డీసీ ఛార్జర్ 30 ఆంపియర్లది పెట్టించుకోవడం మేలు, మూడు గంటల ప్రయాణంలో బ్యాటరీ దాదాపు నిండుతుంది.

నా సలహా ఇదీ: ఒక లీటరు రైస్ కుక్కర్, 400 వాట్లది, బ్యాటరీ మీద నడపండి. అన్నం అయ్యేసరికి 200 వాట్ అవర్లు ఖర్చు, ఇన్వర్టర్‌కు ఇబ్బంది లేదు, ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటు లాంటి కరెంటే ఇచ్చే) ఇన్వర్టర్ అయితే చాలు. మిగతాదంతా గ్యాస్ మీద, బయట, పందిరి అంచున. ఐదు కిలోల సిలిండర్‌లో ఉండే శక్తి 60 యూనిట్లకు పైనే. అందులో సగం గాలికి పోయిందనుకున్నా మీ బ్యాటరీకి పాతిక రెట్లు. భయం సంగతంటారా, గ్యాస్‌ను బండి లోపల వెలిగించకపోతే చాలావరకు తీరిపోతుంది.

ప్రశ్న: అన్నా, మాది మారుతి ఓమ్ని వ్యాన్. ఇద్దరం ఫ్రెండ్స్ వెళ్తాం. బ్యుటేన్ డబ్బాతో పనిచేసే చిన్న పోర్టబుల్ స్టవ్ చాలా, ఐదు కిలోల సిలిండరా? స్టవ్ ఎక్కడ పెట్టాలి? (ఒక పాఠకుడు, ఎల్బీనగర్)

టీ, మ్యాగీ, ఆమ్లెట్ వరకే అయితే డబ్బా స్టవ్ చాలు తమ్ముడూ. పెట్టెతో సహా వస్తుంది, సీటు కింద పడి ఉంటుంది. రెండు జాగ్రత్తలు. దాని మీద పెద్ద దోశ పెనం పెట్టొద్దు. పెనం అంచు పక్కనున్న డబ్బా గది మీదికి వస్తే ఆ వేడికి డబ్బా పేలే ప్రమాదం ఉంది. రెండోది, డబ్బాలను ఎండలో నిలిపిన బండిలో వదిలేసి పోవద్దు, మన ఏప్రిల్ ఎండకు మూసిన బండి లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే. ఇంకోటి, లంబసింగి చలికి వెళ్తే మంట నీరసంగా వస్తుంది, స్టవ్ చెడిపోయిందనుకోకు. సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి బ్యుటేన్ ఆవిరి కావడానికి మొరాయిస్తుంది, అంతే.

అన్నం, పప్పు వండుకునే వాళ్లయితే ఐదు కిలోల సిలిండరే. పెట్రోల్ బంకుల్లో, గ్యాస్ ఏజెన్సీల్లో గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. రెగ్యులేటర్ కూడా అక్కడే తీసుకో, వాల్వ్‌కు సరిగ్గా కూర్చుందో లేదో చూసి మరీ. బజారులో దొరికే హై ప్రెషర్ రెగ్యులేటర్ జోలికి పోకు, అది హోటల్ పొయ్యిలకు. ఐఎస్ఐ గుర్తున్న ఆరంజ్ సురక్షా ట్యూబే వాడు, దాని మీద వేసిన ఏడాది చూడు, ఐదేళ్లకు మార్చాలి. ప్రయాణంలో రెగ్యులేటర్ తీసేసి మూత పెట్టి, సిలిండర్‌ను నిలువుగానే ఉంచి బెల్టుతో కట్టాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. కాబట్టి పైన కిటికీ తెరిచి ఉంది కదా అని ధీమా పడొద్దు, అడుగున గాలి పోయే దారి ఉండాలి. పొద్దున్నే తలుపు తీయగానే వాసన వస్తే లైటు స్విచ్ కూడా వేయకుండా అన్ని తలుపులూ తెరిచి పక్కకు రా.

స్టవ్ పందిరి కింద, కానీ బయటి అంచున, గాలి పొగను బండివైపు కాకుండా అవతలికి తీసుకెళ్లే వైపు పెట్టాలి. మంటకూ బట్టకూ మధ్య కనీసం మీటరు ఖాళీ. ప్లాస్టిక్ పట్టా అంటుకోవడమే కాదు, కరిగి చుక్కలుగా మీద పడుతుంది. గాలికి మూడు వైపులా రేకు అడ్డం పెట్టుకో, సిలిండర్ మాత్రం ఆ రేకు బయటే ఉండాలి. బజ్జీలు, పకోడీలు అంటూ మూకుడు నిండా నూనె కాచడం పట్టా కింద వద్దే వద్దు. అవి దారిలో తోపుడుబండి దగ్గర కొనుక్కుని తినండి.

వాన పడుతోందని లోపల వండుదామనుకుంటావేమో. ఎండుమిర్చి పోపు ఓమ్నిలో ఒక్కసారి వేసి చూడు, ఇద్దరూ దగ్గుకుంటూ వానలోకే దూకుతారు. అది నవ్వులాటగా పోయేదే గానీ, మూసిన బండిలోనో, చుట్టూ గుడ్డలు కట్టేసిన పందిరిలోనో బొగ్గుల కుంపటి పెట్టడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా ఉండదు, రంగూ ఉండదు. చలిగా ఉందని నిద్రపోయేటప్పుడు నిప్పులు లోపల పెట్టుకుని లేవనివాళ్ల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

ప్రశ్న: 12 వోల్టుల కూలర్ బాక్స్ తక్కువలో వస్తోంది. పాలు, పెరుగు ఆగుతాయా? (ఒక పాఠకురాలు, తార్నాక)

ఆగవు. కంప్రెసర్ లేని ఆ రకం పెట్టెలు బయటి వేడి కంటే 15, 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. బయట 42 ఉంటే లోపల 22. పాలు సాయంత్రానికి తోడు లేకుండానే పెరుగవుతాయి. కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్ కొనగలిగితే కొనండి, లేకపోతే ఐస్ వేసుకునే మంచి డబ్బా చాలు.

ప్రశ్న: వెనక సీట్లు తీసేయించి కిచెన్ ప్లాట్‌ఫామ్ వెల్డింగ్ చేయిద్దామనుకుంటున్నాం. శ్రీశైలం దారిలో అడవి మధ్యలో ఆపి, పందిరి వేసి వండుకోవాలని పిల్లల కోరిక. (ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్)

రెండింటికీ బ్రేకు వేయాల్సి వస్తోంది, కోపం తెచ్చుకోకండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. సీట్ల సంఖ్య మారితే ముందుగా ఆర్‌టీఏ అనుమతి కావాలి. అది లేకుండా చేయిస్తే జరిమానా ఒక్కటే కాదు, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొండికేయడానికి మంచి సాకు దొరుకుతుంది. వెల్డింగ్ మానేసి, డిక్కీలో పట్టే ప్లైవుడ్ పెట్టె చేయించుకోండి. దాని తలుపు కిందికి తెరిస్తే అదే బల్ల కావాలి, లోపల గిన్నెలు, మసాలా డబ్బా, స్టవ్. బెల్టులతో గట్టిగా కట్టేస్తే కదలదు, అక్కర్లేనప్పుడు ఇంట్లో దించేసుకోవచ్చు. బేగంబజార్‌లో ఒకదాంట్లో ఒకటి ఇమిడే స్టీలు గిన్నెల సెట్టు, మూడు లీటర్ల కుక్కర్ తెచ్చుకుంటే ఆ పెట్టె నిండుతుంది.

అడవి విషయం. మన్ననూరు దాటాక మీరు వెళ్లేది అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్య నుంచి. అక్కడ దారి పక్కన ఆపి నిప్పు రాజేయడానికి వీల్లేదు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారిలో బండ్లనే వదలరు. అక్కడ ఆపకుండా పొద్దున్నే అడవి దాటిపోండి, వంట ముచ్చట శ్రీశైలం చేరాక బండి నిలుపుకోనిచ్చే ఏదైనా బస దగ్గర తీర్చుకోండి, ముందుగా ఫోన్ చేసి 'గ్యాస్ స్టవ్ వెలిగించొచ్చా' అని అడిగే వెళ్లండి. పిల్లలు మరీ మారాం చేస్తే నాగార్జునసాగర్ వైపు తెలిసినవాళ్ల మామిడి తోట ఏదైనా ఉందేమో కనుక్కోండి, ఎండాకాలం అక్కడ పట్టా కట్టే పని కూడా ఉండదు.