చూపు తక్కువున్న పాపని థీమ్ పార్కుకి తీసుకెళ్లొచ్చా? మా వాడితో మేం పడ్డ పాట్లు

మీరు గుంటూరు నుంచి అడిగింది ఇది: ఎనిమిదేళ్ల పాపకి చూపు బాగా తక్కువ. వేసవి సెలవులకి హైదరాబాద్ థీమ్ పార్కు అని పెద్దమ్మాయి పట్టుబట్టింది. ఇంట్లో పెద్దవాళ్లేమో "దానికేం కనపడుతుందని అంత డబ్బు తగలేయడం" అంటున్నారు. చిన్నదాన్ని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్లాలా, తీసుకెళ్లాలా?

తీసుకెళ్లండి. ఆ డబ్బు మాట మా ఇంట్లోనూ వచ్చింది. మా అత్తగారే అన్నారు. తిరిగొచ్చాక మా వాడు మూడు రోజులపాటు ఆవిడ పక్కన కూర్చుని ఏ రైడ్ ఎలా చప్పుడు చేస్తుందో నోటితో చేసి వినిపించాడు. ఇప్పుడు "మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తారు" అని అడిగేది ఆవిడే.

మాది విజయవాడ, పటమట. బాబుకి పదకొండేళ్లు. నెలలు నిండకుండా పుట్టాడు, రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ. అంటే అలా పుట్టిన పిల్లలకి కంటి లోపలి పొర, రెటీనా, దెబ్బతినే జబ్బు. కుడి కంటికి వెలుతురు ఉందో లేదో తెలుస్తుందంతే. ఎడమ కంటికి బాగా దగ్గరగా పెడితే రంగులు తెలుస్తాయి. ఏడో ఏట మొదటిసారి తీసుకెళ్లాం, ఇప్పటికి నాలుగుసార్లయింది. మొదటిసారి చేసిన తప్పులు మీరు చేయకూడదని ఇంత రాస్తున్నాను.

టికెట్ల కంటే ముందు కంటి డాక్టర్. "పార్కుకి వెళ్లొచ్చా" అని అడిగితే "జాగ్రత్తగా వెళ్లండి" అంటారు, దాంతో మనకేం తెలియదు. మేం రైడ్ల వీడియోలు ఫోన్‌లో పెట్టుకుని వెళ్లి ఒక్కొక్కటీ చూపించి అడిగాం. మా వాడి రెటీనా బలహీనం, గట్టి కుదుపులకి ఊడొచ్చే ప్రమాదం ఉంది. అందుకని తలకిందులు చేసేవి, ఉన్నట్టుండి కిందికి వదిలేసేవి, ఒకదాన్నొకటి గుద్దుకునే కార్లు వద్దన్నారు. మైనస్ పవర్ బాగా ఎక్కువున్న పిల్లలకీ, కంటి ఆపరేషన్ అయినవాళ్లకీ ఇది తప్పనిసరిగా అడగాలి. నీళ్ల సంగతి కూడా అడగండి, క్లోరిన్ కొందరికి పడదు. మీకు దగ్గర్లో విజయవాడ తాడిగడపలో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. అక్కడ చూపు తక్కువున్నవాళ్లకి పునరావాస విభాగం కూడా ఉంది. కొత్త చోట దారి పట్టడం ఎలా నేర్పాలో అడిగి రండి. ఎండకి కళ్లు మూసేసుకునే పిల్లయితే ముందు అంచున్న టోపీ, రంగు అద్దాలు మర్చిపోవద్దు.

ఇక అసలు సంగతికొస్తాను. మొదటిసారి మేం పొద్దస్తమానం వాడికి కామెంటరీ చెప్పాం. "అదిగో పెద్ద చక్రం, ఇదిగో ఎర్ర డ్రాగన్" అని. మధ్యాహ్నానికి వాడు చిరాకు పడిపోయి "అమ్మా, అవన్నీ సరే, ముందు నేనెక్కడున్నానో చెప్పు" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా ప్లానంతా మారిపోయింది. తను ఎక్కడున్నాడో వాడికి తెలిస్తే చాలు, సరదా సంగతి వాడే చూసుకుంటాడు. తెలియకపోతే ఎంత మంచి రైడ్ ఎక్కించినా మన చేతిలో సంచిలా తిరుగుతాడు.

రెండోసారి వెళ్లే ముందు అట్ట మీద పార్కు మ్యాప్ చేశాం. పార్కు వెబ్‌సైట్‌లో ఉన్న బొమ్మ చూసి, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి మొదలుపెట్టాను. గేటుకి అగ్గిపెట్టె, నడిచే దారులకి ఉన్నిదారం, తిండి దొరికే చోట చింతగింజ, బాత్రూములున్న చోట చొక్కా బొత్తాం. నీళ్ల కొలను దగ్గర పాలిథీన్ కవర్ ముక్క. రోలర్ కోస్టర్ పట్టాకి కరెంటు వైరు వంచి గుచ్చాను. వారం రోజులు రాత్రి అన్నాలయ్యాక వాడు వేళ్లతో ఆ అట్ట మీద నడిచాడు. పార్కులోకి అడుగుపెట్టాక "గేటు దాటాం కదా, ఎడమకి రెండు దారాలు పోతే చింతగింజ" అని వాడే మమ్మల్ని నడిపించాడు. మా ఆయన ఫోన్‌లో మ్యాప్ తెరిచేలోపు మేం క్యాంటీన్ దగ్గరున్నాం.

రైడ్ ఎక్కేముందు వాడి అరచేతిలో నా వేలితో దాని దారి గీస్తాను. ఇక్కడ మెల్లగా ఎక్కుతుంది, ఇక్కడ ఆగుతుంది, ఇక్కడ జర్రున జారుతుంది, ఇక్కడ నీళ్లు పడతాయి. అలా గీయకుండా ఎక్కించిన రోజున ఏడ్చాడు. గీసి ఎక్కిస్తే కేకలు పెట్టి నవ్వాడు.

ఇంట్లోంచి సరాసరి పెద్ద పార్కుకి పోవద్దు. మేం ముందు దసరా ఎగ్జిబిషన్‌లో చిన్న రంగులరాట్నం ఎక్కించాం, తర్వాత భవానీ ద్వీపానికి పడవలో తీసుకెళ్లాం. కాలి కింద నేల ఊగితే వాడేం చేస్తాడో అక్కడ తెలిసింది. బతిమాలినా దిగలేదు.

మాకు గుండె జారిపోయిన సంఘటన అలల కొలనులో. అలలు మొదలయ్యే ముందు సైరన్ మోగింది, పాటలు పెట్టారు, జనం అరుపులు. కళ్లజోడు సర్దుకుందామని వాడి చెయ్యి క్షణం వదిలాను. ఆ క్షణంలో వాడు చెవులు మూసుకుని ఇంకో వైపుకి తిరిగి నడిచిపోయాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు దొరకడానికి, కానీ ఆ రెండు నిమిషాలు నాకింకా పోలేదు. "పిలవచ్చు కదరా" అంటే "అక్కడ అందరూ అమ్మా అమ్మా అంటున్నారు, నిన్నెలా పిలవను" అన్నాడు. మనకి కళ్లకి గంతలు కడితే ఎలాగో, చెవులు చిల్లులు పడే చప్పుడు వాడికి అలాగ. అప్పటినుంచి మా మాట "పొట్లకాయ". పార్కులో ఎవడూ పొట్లకాయా అని అరవడు కదా. మెడలో ఈల, జేబులో మా ఇద్దరి ఫోన్ నంబర్లున్న చీటీ, దూరానికి కనపడే పసుపు టీషర్టు. పెద్ద స్పీకర్లున్న చోటికి ఇప్పుడు పావుగంటకి మించి వెళ్లం.

నడిపించేటప్పుడు రెక్క పట్టి లాక్కెళ్లకండి. పాపే మీ మణికట్టో మోచెయ్యో పట్టుకుని అరడుగు వెనక నడిస్తే మెట్టు ఎక్కుతున్నారో దిగుతున్నారో మీ కదలికతోనే తెలిసిపోతుంది.

ఇంకో చేదు అనుభవం. ఏ పార్కో, ఏ ఊరో చెప్పను. నలభై నిమిషాలు క్యూలో నిలబడి పైకి ఎక్కాక రైడ్ నడిపే అబ్బాయి వాడి చేతికర్ర చూసి "కళ్లు కనపడనివాళ్లని ఎక్కించం" అన్నాడు. రూల్ ఉంటే ఉండొచ్చు, కిందే చెప్పొచ్చు కదా. అందరి ముందూ మెట్లు దిగాం. ఇప్పుడు ముందే ఫోన్ చేస్తాను. ఏ రైడ్లకి అనుమతి ఉంది, పక్కన నేను కూర్చోవచ్చా, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) చూపిస్తే క్యూ లేకుండా పంపుతారా, కర్ర ఎవరి దగ్గర పెట్టాలి అని అడిగి, అదే ఈమెయిల్‌లో రాయించుకుంటాను. గేటు దగ్గర ఆ మెయిల్ చూపిస్తే మాట్లాడే తీరే మారిపోతుంది.

ఏ పార్కు అంటే, మన వైపు నుంచి కారులో వెళ్లేవాళ్లకి హైదరాబాద్ ఊళ్లోకి పోయే పనే లేదు. రామోజీ ఫిల్మ్ సిటీ 65వ నంబర్ జాతీయ రహదారి మీద, నగరం ఇంకా రాకముందే తగులుతుంది. వండర్‌లా రావిర్యాల దగ్గర. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్ ఎక్కితే సరిపోతుంది. ఫిల్మ్ సిటీలో బస్సులో కూర్చుని సెట్లు చూసే భాగం మీ పాపకి విసుగే, దాచడమెందుకు. కానీ సినిమాకి శబ్దాలు ఎలా కలుపుతారో చేసి చూపించే షో మా వాడికి పండగ. వండర్‌లాలో టికెట్ వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. నీళ్ల రైడ్లకి నైలాన్ బట్టలే వేసుకోవాలి, కాటన్ ఒప్పుకోరు. సంక్రాంతి, దసరా సెలవులు, ఆదివారాలు వద్దే వద్దు. మంగళ, బుధవారాల్లో వెళ్లండి.

రైలైతే గుంటూరు నుంచి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఉంది. రైల్వే రాయితీ సంగతి మాత్రం తెలుసుకుని వెళ్లండి. అది చూపు పూర్తిగా లేనివాళ్లకి, తోడు వచ్చే ఒకరికి. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ 75 శాతం. మీ పాపకి కొంత చూపుంది కాబట్టి దాని మీద లెక్క వేసుకోకండి.

పెద్దమ్మాయి గురించి ఒక మాట. ఇద్దరు పెద్దవాళ్లు తప్పనిసరిగా వెళ్లండి, ఒకరు పూర్తిగా పెద్దమ్మాయికే. మా అమ్మాయికి తమ్ముణ్ని పట్టుకుని తిరగడంతోనే మొదటి ట్రిప్పు అయిపోయింది, ఇంటికొచ్చాక దుప్పటి కప్పుకుని ఏడ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం దాకా అది వాళ్ల నాన్నతో తిరుగుతుంది. అన్నాల తర్వాత చీకటి ఇల్లు మాత్రం అక్కా తమ్ముళ్లిద్దరూ కలిసే వెళ్తారు. అందులో మా అమ్మాయి తమ్ముడి చొక్కా పట్టుకుని "ఎటు రా" అంటుంటే, "ఎడమ పక్కనుంచి గాలొస్తోంది, తలుపు అటే, రా" అని వాడు బయటికి తీసుకొచ్చాడు. వెనక నలుగురు కాలేజీ కుర్రాళ్లు కూడా వాడినే పట్టుకుని వచ్చారు.

అట్ట మ్యాప్ ఈసారి మీ పిల్లలిద్దరి చేతా చేయించండి. చింతగింజ అంటుకోవాలంటే ఫెవికాల్ రాత్రంతా ఆరాలి, కాబట్టి వారం ముందే మొదలుపెట్టండి.