క్రీట్ ద్వీపంలో దంపతులు తీరిగ్గా తిరగాలంటే ఎన్ని రోజులు కావాలి? ఏమేం చూడాలి?

ప్రశ్న అడిగినవారు కింద వివరాల్లో తమ పథకం కూడా రాశారు: గ్రీసు దేశపు క్రీట్‌లో మూడు రోజులు, అక్కడి మరో ద్వీపం శాంటోరినిలో రెండు రోజులు, తిరుగు ప్రయాణంలో ఏథెన్స్ ఒక రోజు. పెళ్ళయి పాతికేళ్ళయిన సందర్భంగా తీరిగ్గా తిరిగి రావాలని ఉందట. తీరిక అనే మాటకూ ఆ పథకానికీ పొంతన ఎక్కడుందో నాకు బోధపడలేదు. నా మటుకు నేను చెప్పేది ఒక్కటే: క్రీట్‌కు మూడు వారాలు పెట్టుకోండి, సెలవు చాలకపోతే శాంటోరినిని వదిలేయండి. మేమిద్దరం 2023 సెప్టెంబరులో ఇరవై రెండు రోజులు ఒకే ఊళ్ళో, ఒకే గదిలో ఉండి, చూడవలసినవని అందరూ చెప్పేవాటిలో సగం చూడకుండానే తిరిగి వచ్చాము. వాటి గురించి బంధువులు అడిగినప్పుడు తప్ప మాకు మళ్ళీ గుర్తు రాలేదు.

మొదట దూరాల సంగతి. క్రీట్ ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 260 కిలోమీటర్లు, అంటే హైదరాబాదుకూ విజయవాడకూ మధ్య ఉన్న దూరం కన్నా కాస్త తక్కువ. నడుమ అంతా కొండలే. వాటిలో రెండు శిఖరాలు 2,450 మీటర్లు దాటినవి. పడమటి వైపున్న హన్యా నుంచి (మనవాళ్ళు దీన్ని చానియా అని చదువుతారు) ముఖ్యపట్టణమైన ఇరాక్లియోకు బస్సులో వెళ్ళడానికే దాదాపు మూడు గంటలు పడుతుంది. మూడు రోజుల్లో ఈ ద్వీపాన్ని చూస్తామనేవారు చూసేది బస్సు కిటికీని.

అయితే ఇలా ఒకే చోట ఉంటామంటే నమ్మేవాళ్ళు తక్కువ. వీసా దరఖాస్తులో రోజువారీ ప్రయాణ పట్టిక ఇవ్వాలి కదా, దాంట్లో ఇరవై రెండు రోజులూ ఒకే చిరునామా రాసి ఇచ్చేసరికి కౌంటరులోని అబ్బాయి నా ముఖంలోకి అనుమానంగా చూసి, "మిగతా చోట్లకు వెళ్ళరా అంకుల్?" అని రెండుసార్లు అడిగాడు. వారంలో అయిదు దేశాలు తిప్పి, రాత్రికి ఆవకాయతో అన్నం పెట్టించే యాత్రా సంస్థలకు అలవాటుపడిన ప్రాణం, అతన్ని తప్పుపట్టలేను.

మేము ఏథెన్స్ దగ్గరి పిరెయస్ రేవులో రాత్రి ఓడ ఎక్కి, తెల్లవారేసరికి హన్యా పక్కనున్న సూదా రేవులో దిగాము. గది దొరికింది పాత పట్టణంలోని స్ప్లాంజియా పేటలో. అక్కడి చర్చికి ఒక పక్క గంటల గోపురం, ఇంకో పక్క మసీదు మినారు ఉన్నాయి. ద్వీపాన్ని ఏలిన వెనీసువాళ్ళ తరువాత 1645లో వచ్చిన తురుష్కులు చర్చిని మసీదుగా మార్చుకున్నారు, తరువాతివాళ్ళు మళ్ళీ చర్చి చేశారు, మినారును మాత్రం ఎవరూ పడగొట్టలేదు. రేవు ఒడ్డున వెనీసువాళ్ళ కాలపు అందమైన ఇళ్ళున్నాయి గానీ, వాటి కింద ఉన్న హోటళ్ళవాళ్ళు మెనూ కార్డు పట్టుకొని దారికి అడ్డంగా నిలబడతారు. రెండు వీధులు వెనక్కి నడిస్తే ఆ బాధ ఉండదు. 1913లో శిలువ ఆకారంలో కట్టిన పెద్ద మార్కెట్ మేము వెళ్ళినప్పుడు మరమ్మతుల కోసం మూసి ఉంది, కాబట్టి శనివారం సంతే మాకు దిక్కయింది.

ఊరి పద్ధతి తెలియడానికే వారం పట్టింది. వేసవిలో మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నర వరకు నిశ్శబ్దం పాటించాలని అక్కడ నియమం. సోమ, బుధ, శనివారాల్లో చాలా దుకాణాలు మధ్యాహ్నానికే మూసేస్తారు. మంగళ, గురు, శుక్రవారాల్లో సాయంత్రం మళ్ళీ తెరుస్తారు. మొదటి వారంలో మూసిన తలుపుల ముందు నిలబడి విసుక్కున్నాను. రెండో వారం నుంచి నేను కూడా మూడింటికి పడుకోవడం మొదలుపెట్టాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండో వారంలో ఒకరోజు ఉదయం బస్సెక్కి, తెల్ల కొండల పాదాల దగ్గరున్న ఒక పల్లెకు వెళ్ళాము. ఆ పల్లె పేరు చెప్పను; చెబితే రేపటి నుంచి అక్కడ కూడా సెల్ఫీ కర్రలు మొలుస్తాయి. ముప్ఫై నాలుగేళ్ళు డిగ్రీ కళాశాలలో గణితం చెప్పినవాణ్ణి కాబట్టి గ్రీకు అక్షరాలు నాకు పరాయివి కావు. బస్సు ఆగేచోట అంటించిన కాగితాన్ని పై, ఎప్సిలాన్, మ్యూ అని కూడబలుక్కుంటూ చదివాను. తిరుగు బస్సు రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఒకటి ఉంది. సాయంత్రం అయిదింటికి ఇంకొకటి ఉంది గానీ, దాని ఎదురుగా "పెంప్తి" అని ఒక్క మాట రాసి ఉంది. మన పంచమికి చుట్టంలా ఉన్న ఆ మాటకు అయిదవ రోజు అని అర్థం ఉండాలనుకున్నాను, ఆ ఊహ సరైనదే. సోమవారం ఒకటి, మంగళవారం రెండు అని వేళ్ళు మడిచి, అయిదవది శుక్రవారమనీ, ఆ రోజు శుక్రవారమే కనుక సాయంత్రం బస్సు ఉందనీ తేల్చాను. "వారం ఆదివారంతో కదండీ మొదలయ్యేది?" అంది మా ఆవిడ. కళాశాల టైంటేబుల్ ఎప్పుడూ సోమవారంతోనే మొదలవుతుందని ఆమెకు నచ్చజెప్పాను. ఒంటిగంటన్నర బస్సు వచ్చి ఆగినప్పుడు డ్రైవరు ఎక్కుతారా అన్నట్టు మా వైపు చూశాడు. నేను చెయ్యి ఊపి అతన్ని సాగనంపాను.

తరువాత చెట్టు కింద ఉన్న కాఫీ కొట్టులో కూర్చున్నాను. దాన్ని వాళ్ళు కఫెనీయో అంటారు. అక్కడ ముసలివాళ్ళు నలుగురు పాచికల ఆట ఆడుతున్నారు, ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. పిడి ఉన్న చిన్న గిన్నెలో కాచిన కాఫీ, అడుగున మడ్డి, పక్కన గ్లాసు మంచినీళ్ళు. ఒక్క కాఫీకి మూడు గంటలు కూర్చున్నా లేవమనేవాళ్ళు లేరు. మన ఊళ్ళలో టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపే పక్కన నిలబడి బల్ల తుడిచే పద్ధతికి అలవాటుపడ్డవాణ్ణి కనుక, మొదట్లో రెండో కాఫీ చెప్పాలేమోనని నాకే మొహమాటం వేసింది. వాళ్ళలో ఒకాయన నీళ్ళలా కనిపించే రాకీని చిన్న గ్లాసులో పోసి నా ముందు పెట్టాడు. అది ద్రాక్ష పిప్పితో తీసిన సారా. నేను ముట్టనని గుండె మీద చెయ్యి వేసుకొని సైగ చేస్తే, కాసేపు జాలిగా చూసి, ద్రాక్షపళ్ళ గుత్తి ఒకటి తెచ్చి పెట్టాడు. అయిదింటికి బస్సు ఉందా అని వేళ్ళు చూపించి అడిగాను. ఆయన కనుబొమలు పైకెత్తి "ఓహి" అన్నాడు. నేను దాన్ని "ఓకే" అనుకున్నాను. ఓహి అంటే లేదనీ, ఉంది అనడానికి వాళ్ళు "నె" అంటారనీ ఆ తరువాత గానీ తెలియలేదు.

ఈలోగా మా ఆవిడ సందుకు అవతలి వైపు నుంచి కేక వేసింది: "ఏవండీ, ఇది తోటకూర!" గుమ్మం మెట్ల మీద నల్లబట్టలు కట్టుకున్న ఒక ముసలమ్మ బేసిన్ నిండా ఆకుకూర పెట్టుకొని గిల్లుతోంది. నిజంగానే తోటకూర. అక్కడ దాన్ని వ్లీతా అంటారు. వేసవి పొడుగునా ఉడకబెట్టి, ఆలివ్ నూనె, నిమ్మరసం వేసుకొని తింటారు. ముసలమ్మ ఆకులూ లేత చివళ్ళూ బేసిన్‌లో వేసి, ముదురు కాడలను కోళ్ళ కోసం పక్కనున్న బక్కెట్లో పడేస్తోంది. మా ఆవిడ అది చూడలేకపోయింది. మెట్టు మీద కూర్చొని, బక్కెట్లోంచి ఒక కాడ తీసి, చివర గోటితో గిల్లి, పీచు సన్నగా కిందిదాకా లాగి, కాడను కణుపుల దగ్గర ముక్కలుగా విరిచి ఆమె చేతిలో పెట్టింది. ముసలమ్మ ఒక ముక్కను వెలుగుకు ఎత్తి చూసింది, పచ్చిదే కొరికి చూసింది, తరువాత బక్కెట్టును కాలితో తమ ఇద్దరి మధ్యకు జరిపింది. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఇద్దరూ అరగంటసేపు ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటూ కాడలన్నీ ఒలిచారు. ఇద్దరి బొటనవేళ్ళూ ఆకుపచ్చబడ్డాయి.

మూడింటికి భోజనానికి నన్ను కూడా పిలిచారు. బంగాళదుంప, చిన్న సొరకాయలాంటి గుమ్మడి, మా కాడలు, కూర అన్నీ కలిపి ఉడికించి, పైన ఇంత నూనె పోసింది. పోపు ఒక్కటే తక్కువ. బ్రెడ్డు పక్కన చీజు కనిపించలేదు గనుక, వాళ్ళకు చీజు లేనిదే ముద్ద దిగదని విన్న నేను, అది లేదా అని సైగ చేశాను. ఆమె వేలు అడ్డంగా ఊపి, శిలువ గుర్తు వేసుకొని, "పరస్కెవి, నిస్తీయా" అంది. గోడ మీది క్యాలెండరులో ఆ రోజు మీద వేలు పెట్టి చూపించింది. వాళ్ళకు బుధ, శుక్రవారాలు ఒక్కపొద్దు; మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. క్యాలెండరులో ఆనాటి గడి మీద పరస్కెవి అనీ, దానికి ముందు గడి మీద పెంప్తి అనీ ఉంది. అంటే శుక్రవారం పరస్కెవి, పెంప్తి గురువారం. వారం ఆదివారంతోనే మొదలవుతుంది. మా ఆవిడ ఏమీ అనలేదు. తల వంచుకొని నిమ్మచెక్క అవసరమైన దానికన్నా చాలాసేపు పిండింది.

సాయంత్రం, రాకీ పోసినాయనే తన చిన్న ట్రక్కులో మమ్మల్ని హన్యాకు చేర్చాడు. మా ఆవిడ ముందు సీట్లో, నేను వెనక ద్రాక్ష పెట్టెల మధ్యన. డబ్బు ఇవ్వబోతే, మధ్యాహ్నం నేను రాకీ వద్దన్నట్టే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

శాకాహారులు ఎవరైనా ఇది చదువుతుంటే "నిస్తీసిమో" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఉపవాసపు వంట అని దాని అర్థం. వాళ్ళ పంచాంగంలో ఏడాదిలో సగానికి దగ్గరగా ఉపవాస దినాలే ఉంటాయి, కాబట్టి ఏ చిన్న హోటలులోనైనా ఆ మాట అర్థమవుతుంది. నూనెలో మగ్గబెట్టిన బెండకాయలు, బియ్యం కూరిన టమాటాలు, పెద్ద చిక్కుడుగింజల కూర దొరుకుతాయి. శాకాహారులకు యూరప్‌లో క్రీట్‌ను మించిన చోటు లేదు. నేను యూరప్‌లో చూసింది రెండు దేశాలే అయినా ఈ మాట మీద నిలబడతాను.

ఏమేం చూడాలని అడిగారు కాబట్టి రెండు ముక్కలు. క్నోసోస్ రాజభవనానికి వెళ్ళాము. నాలుగు వేల ఏళ్ళ నాటి రాళ్ళను చూద్దామని వెళ్తే, గత శతాబ్దంలో అక్కడ తవ్వకాలు జరిపిన ఆర్థర్ ఎవాన్స్ పోయించిన కాంక్రీటు స్తంభాలే ముందు కనిపిస్తాయి. అక్కడి నుంచి ఇరాక్లియో మ్యూజియంకు వెళ్ళండి, 1908లో దొరికిన ఫైస్టోస్ మట్టి బిళ్ళ మీది రాత ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు, దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. బస్సు కాగితమే సరిగా చదవలేని నాకు అది కొంత ఊరట. 16 కిలోమీటర్ల సమరియా లోయలో నడవడానికి మా మోకాళ్ళు ఒప్పుకోలేదు. గులాబి ఇసుక తీరాలకు వెళ్ళలేదు.

ఆ తరువాతి గురువారం మళ్ళీ అదే పల్లెకు వెళ్ళాము. మా ఆవిడ చేతిసంచిలో, ఇంటి నుంచి తెచ్చుకున్న పోపు దినుసుల పొట్లం ఉంది. ముసలమ్మ మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళి, తడిబట్టలో చుట్టిన కట్ట ఒకటి తెచ్చి మెట్టు మీద పెట్టింది. విప్పి చూస్తే, అన్నీ ముదురు తోటకూర కాడలే.